ఇల్పో గారి కాపలా పెట్టె

ఉత్తరాన మంచుదేశంలోని మా ఔలు ఊళ్ళో చలికాలమైనా సరే, చంటిపిల్లల్ని బాగా చుట్టి, తోపుడుబండిలో వేసి, మధ్యాహ్నం నిద్ర ఆరుబయటే పోనిస్తాం. మా అమ్మ నన్నూ అలాగే పెంచింది. ఆ చలి పిల్లనేమీ చెయ్యదని కెమిస్ట్రీ చదివిన నాకు తెలుసు. అయినా మా పాప వెన్లా ఊపిరి తీస్తోందో లేదోనని వంటింటికీ పెరటికీ మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని. నా కాఫీ రోజూ చల్లారిపోయేది.

అది పక్కింటి ఇల్పో కంటపడింది. ఇల్పో సగం జీవితం మొబైల్ ఫోన్ల చిప్పులకి ప్రోగ్రాములు రాశాడు. మిగతా సగం, తలుపులు ఎప్పుడు మూసుకోవాలో లిఫ్టులకి నేర్పాడు. రిటైరయ్యాక సోల్డరింగ్ ఐరన్‌తో ఇంటిమీద పడ్డాడు. ఆవిరిగది వేడెక్కితే ఆయన ఫోను మోగుతుంది. గింజల గూటికి ఎన్ని పిట్టలొచ్చాయో గూడే చెబుతుంది.

"ఈ ఇంట్లో చిప్పు లేనిది నాకొక్కదానికే," అంటుంది ఆయన భార్య సిర్కా.

ఒకరోజు చిన్న పెట్టె తెచ్చి వెన్లా బండికి కట్టాడు. "ఇక నువ్వు నిశ్చింతగా కూర్చో. కదలిక ఆగితే ఇది మోగుతుంది."

లిఫ్టుల్లో అలాగే చేస్తారట. లోపలి ప్రోగ్రాము ఉండుండి 'ఉన్నాను' అని సంకేతం ఇవ్వాలి. ఇవ్వకపోతే అది మొరాయించిందనుకుని, కాపలా గడియారం దాన్ని మళ్ళీ మొదటినుంచి నడిపిస్తుంది.

వెన్లా హాయిగా గాఢనిద్రలోకి జారుకుంది. పెట్టె కెవ్వుమంది. నేను చెప్పుల్లేకుండా మంచులోకి పరిగెత్తాను. పిల్ల ఉలిక్కిపడి లేచి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చింది. పెట్టె మాత్రం పచ్చ దీపం వెలిగించుకుని తృప్తిగా ఉంది.

"అంటే పిల్ల పడుకుంటే తప్పు, ఏడిస్తే ఒప్పా?" అంది కంచె మీదుగా సిర్కా.

"చెప్పినట్టే చేసింది కదా," అని గొణిగాడు ఇల్పో.

"లిఫ్టు నిద్రపోదు, ఇల్పో. పిల్లలు నిద్రపోతారు," అన్నాను నేను, వణుకుతూ.

ఆయన మొహం చిన్నబోయింది. మర్నాడు మోగే భాగం పీకేసి, మడత కుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుని బండి పక్కనే కూర్చున్నాడు. "పరీక్షిస్తున్నాను. పిల్ల నిద్ర తీరు ముందు అర్థం కావాలి."

ఆ రోజు చాలాకాలానికి కాఫీ వేడిగా తాగాను.

మంచు కరగడం మొదలైంది. పరీక్ష ఇంకా అవలేదు. నిన్న దుప్పటి సర్దుతుంటే చూశాను, పెట్టెలో బ్యాటరీ లేదు.

"బ్యాటరీ ఏది, ఇల్పో?"

"చలికి పాడవుతుందని ఇంట్లో పెట్టాను," అన్నాడు, వెన్లా మీంచి చూపు తిప్పకుండా.

నేను లోపలికెళ్ళి మళ్ళీ కాఫీ పెట్టాను.