కన్వల్‌ను కలువ అని విన్నాను

కన్వల్ పూల కబురు నాకు మొదట తెచ్చింది రహీమా బీ. పంతొమ్మిది వందల ముప్పైల చివరి ఏళ్లలో, ఒక ఎండాకాలం మొదట్లో, జహనుమా దగ్గర దేవిడీ అనే ఒక నవాబుల భవంతిలో నన్ను జనానా తోటకు మాలన్‌గా పెట్టుకున్నారు. ఆడవాళ్లుండే వైపు మగ తోటమాలులు రాకూడదు కనుక అక్కడి మొక్కల పనంతా ఆడమనిషిదే. అక్షరాలూ, మొక్కల పనీ ఇంట్లోనే మా నాయన దగ్గర నేర్చుకున్నదాన్ని. రెండు నెలలు చూసి ఉంచుకునేదీ లేనిదీ చెబుతామన్నారు. భర్త పోయిన ఏడాదికే ఆ కొలువు దొరకడం దేవుని దయ అనుకున్నాను.

రహీమా బీ లోపలి గడప దగ్గరుండి ఇంటి యజమానురాలు బేగం సాహెబా మాట బయటికి చేరవేసే పెద్దామె. "చిన్న బీబీ షాదీ ఖాయమైంది బిడ్డా. ఆడోళ్ల దావత్ కొత్త హౌజు చుట్టే. నీళ్లల్ల కన్వల్ పూలుండాల్నట" అంది. నేను కలువ అని విన్నాను. దావత్‌లు దీపాలు పెట్టాకే, ఎర్ర కలువ విచ్చేదీ అప్పుడే. మాట చక్కగా అతికింది. అందుకే మళ్లీ అడగలేదు.

హౌజంటే తోటలో కొత్తగా కట్టిన కొలను. కొత్త గచ్చులోని సున్నం వేర్లను కాల్చేస్తుంది. హౌజును మూడుసార్లు నింపి తోడించాను. సైదాబాద్ అవతలి చెరువు నుంచి ఎర్ర కలువ దుంపలు తెప్పించాను. వెడల్పాటి మట్టి తొట్లలో అడుగున చివికిన ఎరువు, దానిపైన చెరువు బంకమన్ను, చేపలు మన్ను లేపకుండా అన్నిటి పైన ముతక ఇసుక. తొట్లను ముందు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, ఆకు సాగినకొద్దీ ఒక్కో ఇటుక తీస్తూ దించాలి. ఒకేసారి లోతులో పెడితే లేత ఆకు పైకి రాలేక కుళ్లిపోతుంది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే మెట్ల వైపు ఆకు పోకుండా చూసుకున్నాను.

దావత్ పన్నెండు రోజులుందనగా బేగం సాహెబా మధ్యాహ్నం చూడవచ్చారు. ఒక్క పువ్వూ తెరిచి లేదు. నేనడిగింది కన్వల్ కదా, పట్టపగలు వచ్చే ఆడవాళ్లకు మూతి ముడుచుకున్న పూలు చూపించాలా అని ఉర్దూలో అడిగారు. కన్వల్ అంటే తామర.

"కసూర్ నాదే బేగం సాహెబా" అంది రహీమా బీ. "నోట్ల పండ్లు లేకపాయె, కన్వల్ కాస్తా కలువైంది. పగటిపూట అని చెప్పుడు గూడ మర్చిన."

ఆమె కన్వల్ అని స్పష్టంగానే పలికింది. అది నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను.

తామర తేలేకపోతే వేరే మాలన్‌ను చూసుకుంటామన్నారు. ఎదుగుతున్న తామరను పీకితే దుంప కొన విరుగుతుంది, ఇక బతకదు. బతికినా ఆ పువ్వూ మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది. నీలి కలువ అయితే పొద్దున విచ్చి పొద్దువాలే అసర్ నమాజు వేళ దాకా తెరిచి ఉంటుందని చెప్పాను. ఆమె సరే అని, దావత్ నాటికి పూయకపోతే ఆ రోజే వెళ్లిపోవాలన్నారు. రహీమా బీని అప్పటికప్పుడే వంటింటికి మార్చారు.

నేనే ఆ చెరువులో నడుము లోతుకు దిగాను. వేరు కదలకుండా మన్నుతో సహా ఒక్కో మొక్కను కోసి, తడి గోనెల్లో చుట్టి, బండి మీద తెచ్చాను. ముదురాకులు తీసేసి, ఎర్ర కలువల స్థానంలో తొట్లలో నాటాను. నాలుగు రోజుల్లో మిగిలిన ఆకులు పసుపెక్కాయి. ఆరో రోజుకూ కొత్త ఆకు లేదు. ఇంట్లో దీపం పెట్టి దండం పెట్టుకోవడం, వచ్చి నీళ్లలోకి చూడడం, అదే పని. ఎనిమిదో రోజు రెండు చిగుళ్లు, వాటి కింద మొగ్గ కనబడ్డాయి. దావత్ నాటి మధ్యాహ్నం హౌజులో నీలి పూలు తెరిచే ఉన్నాయి. సాయంత్రం కొలువు ఖాయం చేశారు.

అప్పుడు బేగం సాహెబాకు నిజం చెప్పాను. ఆమె కోప్పడలేదు. రహీమా బీని గడప దగ్గరికి రమ్మని చెప్పిరమ్మన్నారు. రహీమా బీ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "చెప్పినవా? ఏం పిల్లవే! నేను అన్న అబద్ధం గూడ ఖరాబు చేసినవ్. ఈడ మస్తుంది, నేను రాను పో" అంది. ఆ గడపకు ఆమె మళ్లీ రాలేదు.

తర్వాత పని చేసినన్నాళ్లూ మొక్క పేరు ఒక్కటే చెబితే నాటలేదు. ఆకో పువ్వో తెచ్చి చూపించి, ఏ వేళకు పూయాలో అడిగాకే మన్ను కలిపాను. తప్పు జరిగితే ఆ పూటే నాదని చెప్పాను. ఇది చదివినవారు నా పనితనాన్ని మరిచినా సరే, రహీమా బీని ఒకసారి తలుచుకోండి.