నీళ్ళు ఇంకా ఉన్నాయా, మర్యమ్?

మొన్న నేను పనిచేసే ఈ అరబ్బు ఊరు కల్బాలో వాన పడింది. వంటింటి కిటికీ తెరవగానే తడిసిన రాళ్ళ వాసన, కొండల్లోంచి నీటి హోరు. ఇక్కడ వాదీ అంటే ఏడాదంతా ఎండిపోయి ఉండే రాళ్ళ వాగు. వాన రోజు పారుతుంది, మర్నాటికి ఇంకిపోతుంది. అందుకే జనం పిల్లాపాపలతో కార్లేసుకుని చూడటానికి పరుగెడతారు. ఆ హోరు వినగానే పెద్ద మామా గుర్తొచ్చింది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంటికి ఉత్తరాలు తప్ప ఏదీ రాయలేదు. ఎలా వస్తుందోనని భయంగానే ఉంది, అయినా ఆవిడ గురించి రాయాలని కూర్చున్నాను.

పెద్ద మామా మా యజమాని తల్లి. ఇక్కడ పనివాళ్ళం ఇంటి ఆడవాళ్ళను మామా అని, మగవాళ్ళను బాబా అని పిలుస్తాం. కోనసీమ నుంచి మరియమ్మగా వచ్చిన నన్ను ఆవిడ మర్యమ్‌ని చేసుకుంది. కరోనా తగ్గాక ఒక వేసవిలో ఆ కుటుంబం జర్మనీ, ఆస్ట్రియా చూడటానికి బయలుదేరింది. పెద్ద మామాకు మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి చక్రాల కుర్చీ తోయడానికి నన్నూ తీసుకెళ్ళారు.

మొదటి ఊరు కొలోన్. అక్కడి నల్లటి చర్చి ముందు నేను మెడ వెనక్కి విరుచుకుని, నోరు తెరిచి నిలబడిపోయాను. మా ఊరి చర్చి దాని గుమ్మంలో పట్టేస్తుంది. పెద్ద మామా మాత్రం చర్చి వెనక పారుతున్న రైన్ నదిని చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“యల్లా మర్యమ్, తొందరగా తొయ్యి! నీళ్ళు వెళ్ళిపోతాయి.”

“వెళ్ళవు పెద్ద మామా. రేపు కూడా ఉంటాయి.”

“రేపా? వాదీని రేపు చూసినవాళ్ళెవరే?”

నాకు నవ్వాగలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ నన్ను హోటల్ కిటికీ దగ్గరికి పంపింది. “నీళ్ళు ఇంకా ఉన్నాయా, మర్యమ్?” ఉన్నాయన్నాను. నమ్మలేక తనూ వచ్చి చూసింది. గుండె మీద చెయ్యి వేసుకుని “సుబ్‌హానల్లా” అంది. ఆ తర్వాత హైడెల్‌బర్గ్‌లో ఎర్రరాతి కోట, కింద పాత వంతెన, ఆ వంతెన కింద ఇంకో నది. “ఇదీ అదేనా? మన వెనకాలే వచ్చిందా?” అని అడిగింది. కాదు, వేరే నది అన్నాను. “వీళ్ళకు ఎన్ని ఉన్నాయే!” వియన్నాలో కోడలు రాజుల మేడలు చూపిస్తుంటే, “ఈ ఊరి నీళ్ళెక్కడ?” అని దారినపోయేవాళ్ళనే అడిగింది. చదువు లేనిదాన్నని ఎవరినీ ఏమీ అడగకుండా బతికిన నాకు, అంత పెద్ద మనిషి తెలియనిది అంత హాయిగా అడగడం వింతగా ఉండేది.

ఆవిడకు ఒకటే కోరిక, ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టాలి. బాబా ఒప్పుకోలేదు. “మెట్లు పాచి పట్టి ఉంటాయి యుమ్మా. పడ్డావంటే ఇక నడక ఖలాస్” అన్నారు తల్లితో. నన్ను పక్కకు పిలిచి, “ఆవిడ మాట విని దింపావో, నువ్వు ఇండియాకే” అన్నారు.

చివరి రోజు డాన్యూబ్ ఒడ్డున, ద్రాక్షతోటల మధ్య చిన్న ఊరు. అందరూ కొండమీది పాడుబడ్డ కోటకు ఎక్కారు. మేమిద్దరం రేవు దగ్గర మిగిలాం.

“దింపు” అంది.

“బాబా నన్ను పంపించేస్తారు.”

“బాబాను కన్నది నేను. ఎవరిని ఎవరు పంపిస్తారో చూద్దాం.”

రేపే వెళ్ళిపోతాం, ఆవిడ మళ్ళీ ఇంత దూరం రాలేదు. చెప్పులు విప్పాను. పాచి మెట్లు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆవిడ చేతులు రెండూ నా భుజాల మీద వేయించుకుని, ఆవిడ కాళ్ళనే చూస్తూ వెనక్కి వెనక్కి దిగాను. చల్లటి నీళ్ళు తగలగానే ఆవిడ చిన్నపిల్లలా కేక పెట్టింది. మెట్టు మీద కూర్చుని రెండు పాదాలూ నీళ్ళలో ఆడించింది.

“ఇలాంటి నది పక్కనేనా నువ్వు పుట్టింది?”

“అవును. మా గోదావరి ఇంతకంటే వెడల్పు.”

“రోజూ చూసేదానివా?”

“చూడలేదు పెద్ద మామా. బట్టలు ఉతికేదాన్ని. బిందెలు తోమేదాన్ని.”

ఆవిడ పక్కన మెట్టు మీద చేత్తో తట్టింది. “కూర్చో. ఇప్పుడు చూడు.”

యజమానుల పక్కన నేనెప్పుడూ కూర్చోలేదు. కూర్చున్నాను. ఎండ పడి నది మెరుస్తోంది. ఎవరూ తోయకుండా, ఎవరూ పిలవకుండా అంత నీరు అలా కదిలి పోతూనే ఉంది. చూస్తూ ఉంటే నా ఒళ్ళు జల్లుమంది. ఇంతలో పైనుంచి “యుమ్మా!” అని బాబా కేక. లేవబోయాను. పెద్ద మామా నా మణికట్టు వదల్లేదు.

“అరవకు. మర్యమ్ చూస్తోంది” అంది కొడుకుతో.

బాబా గబగబా దిగి వచ్చారు. తల్లి ముఖం చూశారు, నన్ను చూశారు. బూట్లు విప్పి పై మెట్టు మీద కూర్చున్నారు.

పెద్ద మామా కిందటేడు పోయింది. నేను ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాను. పని మధ్యలో ఒక్కోసారి చేతులు తుడుచుకుని ఊరికే నిలబడతాను. దులుపుతున్న తివాచీలో పువ్వులు కనిపిస్తాయి. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కొండల రంగు మారడం కనిపిస్తుంది. కోడలు మామా “ఏమైంది మర్యమ్?” అని అడుగుతుంది.

“ఏం లేదు మామా, చూస్తున్నాను” అంటాను.