కృపారావు మాస్టారి కాయిల్

ఆగిన బండి కనపడితే కృపారావు మాస్టారు ఆగకుండా పోలేరు. అదే ఆయన జబ్బు. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే పక్కన ఏ మోటారుసైకిలు నిలబడి ఉన్నా సరే, స్కూటరు దిగి, చొక్కా చేతులు మడిచి, "స్పార్క్ వస్తందా బాబూ?" అని మొదలెడతారు. ఎడ్లబండి ఆగినా ప్లగ్గెక్కడుందని వెతికే రకం.

ఓసారి ఎవరో పాపం బండాపి తుమ్మచెట్ల చాటుకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మాస్టారు ప్లగ్గు ఊడదీసి ఊదుతున్నారు.

"అయ్యా, నా బండి బానే ఉందండీ!" అని లబోదిబోమన్నాడతను.

"బానే ఉంటే ఎందుకాగింది?" అన్నారు మాస్టారు.

ఇంత నిపుణుడి సొంత స్కూటరు మాత్రం తరచూ నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. ఎప్పుడూ ఒకటే రోగం, స్పార్క్ రాదు. ఆయన భార్య ఆరోగ్యమ్మ ఎవరి పెళ్లికెళ్లినా, చేరేసరికి అక్కడ గిన్నెలు కడుగుతుంటారు. అందుకే ఆయన దారిలో పానా తీసిన మరుక్షణం ఆవిడ అటు వీపు తిప్పి కూర్చుంటుంది. చచ్చినా ఇటు చూడదు.

ఆ శనివారం మేనల్లుడు డేవిడ్‌రాజుకి నందిగామలో ప్రధానం. పెళ్లికూతురికి పెట్టే చీర మేనత్త హోదాలో ఆరోగ్యమ్మ ఒళ్లో ఉంది. అది చేరందే ప్రార్థన మొదలవదు.

"ఇవాళ ఆగారంటే మర్యాద దక్కదు, చెప్తున్నా!"

"ఆగన్లే ఆరోగ్యం, ఒట్టు!"

చిల్లకల్లు దాటారో లేదో, రోడ్డు పక్కన ఓ అమ్మాయి కిక్కు కొట్టలేక చెమటలు కక్కుతోంది. ఒట్టు గట్టున పెట్టి స్కూటరు ఆగింది.

"పరీక్షుంది సార్, నందిగామలో," అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

ఆరోగ్యమ్మ తూము గట్టు మీద వీపు తిప్పి కూర్చుంది. చెవులు మాత్రం మూసుకోలేదుగా.

"ఎర్ర స్విచ్చు ఆన్‌లోనే ఉంది. ప్లగ్గు తీసి ఇంజనుకి ఆనిస్తా, కొట్టమ్మా కిక్కు. ఊహూ, నిప్పు రాలా. కొత్త ప్లగ్గు... దీనికీ రాలా! అయితే ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ మీదే అనుమానం. వేరే కాయిల్ పెట్టి చూస్తేగానీ తేలదు." కాసేపు టకటక. "అదుగో, నీలంగా!"

బండి బుర్రుమంది. "సార్, మరి మీ..." అంటోంది అమ్మాయి.

"నువ్వు పోమ్మా, గేటు మూసేస్తారు!"

ఆరోగ్యమ్మ లేచి స్కూటరు దగ్గరికొచ్చింది. మాస్టారు రెండు కిక్కులు కొట్టి తల గోక్కున్నారు.

"మనదానికే స్పార్క్ రావట్లేదు, ఆరోగ్యం."

అప్పుడే తమ్ముడి ఫోను. "అక్కా, ఎక్కడున్నారే? పాస్టరుగారొచ్చి కూర్చున్నారు. చీరేదీ?" ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంతలో ఓ బైకు ఆగింది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నెహెమ్యా. మాస్టార్ని చూసి ఫక్కున నవ్వాడు.

"ఎవరికిచ్చేశారండీ ఈసారి?"

"ఏంటిచ్చేది?" అంది ఆరోగ్యమ్మ.

"కాయిలండీ! మా ఆవిణ్ణి కాన్పుకి తీసుకెళ్తా నేను ఆగిపోతే, ఈ స్కూటరుదే ఊడదీసి నాకు బిగించారు. మీకు తెలీదాండీ?"

ఆరోగ్యమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన అద్దం తుడుస్తున్నారు.

"లోపం కాయిల్‌దో కాదో చూద్దామనే పెడతానే. తీరా వెలిగాక పీకడానికి మనసొప్పదు."

నెహెమ్యా సైడు బాక్సులోంచి ఓ కాయిల్ తీశాడు. "సారు ఎక్కడ ఆగిపోతారో తెలీదు కదండీ. ఆయన చేతి కాయిల్ తీసుకున్నోళ్లం అందరం ఒకటి దగ్గరుంచుకునే తిరుగుతాం."

బిగించగానే స్కూటరు ఒక్క కిక్కుకి లేచింది.

"ముందే చెప్తే మీ సొమ్మేం పోయింది?" అంది ఆరోగ్యమ్మ. తిట్టబోతే నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ అనవసరంగా వీపు తిప్పి కూర్చున్నందుకు తన మీద తనకే కోపమూ వచ్చింది. చీర సంచి ఒళ్లో పెట్టుకుని ఎక్కి, మళ్లీ నెహెమ్యా వైపు తిరిగింది.

"బాబూ, ఇంకో కాయిలేమన్నా ఉందా? నందిగామ ఇంకా చాలా దూరముంది."