ఉతికిన గడ్డి

పొద్దున్నే బాయిలర్ వెలిగించే ముందు పొయ్యిరాణి చల్లారిన బూడిద చిటికెడు తీసి, అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్దుతుంది. తర్వాత ఉఫ్‌మని ఊదుతుంది. మెత్తగా ఎగిరిపోతే సరే. గరుకుగా తగిలితే ఎవరితోనూ మాట్లాడకుండా పొయ్యిలోకి తల దూర్చి అడుగు ఊచల మధ్య ఏం ఇరుక్కుందోనని వెతుకుతుంది.

ఆ పేరు పెట్టింది బావ. అక్కాబావలది లాండ్రీ. హోటళ్ళ దుప్పట్లు ఉతికి, మేడమీద ఆరేసి, ఇస్త్రీ చేసి పంపుతారు. ఇస్త్రీ గది అక్కది. బేరాలూ బండీ బావవి. మెట్ల వెనక నీళ్ళు మరిగించే బాయిలర్ మాత్రం ఈమెది. మొదట్లో మడతల గదిలో కూర్చోబెడితే తువ్వాళ్ళ మీదే కునుకు తీసిందట. నిప్పు దగ్గరైతే పూటకో వింత కనిపిస్తుందని, నిద్రెలా వస్తుందని ఆమె ఇప్పటికీ అంటుంది.

చాలాకాలం పక్కవీధి కోతమిల్లు నుంచి వచ్చే కట్టెముక్కలే కాల్చింది. వాటి బూడిద పిండిలా ఉండేది, అక్క గిన్నెలు తోముకునేది. మిల్లు మూతపడ్డాక ఎండుగడ్డి మోపులు దిగాయి. అక్కణ్ణుంచీ తంటా మొదలైంది. గడ్డి బూడిద మంటలో కరిగి, చల్లారేసరికి ఊచల మధ్య గాజులా చిట్టెం కట్టేది. సుత్తితో కొడితే తప్ప ఊడేది కాదు. సందులు మూసుకుపోయి గాలి ఆడక, సగం కాలిన గడ్డి నల్లపొగై గొట్టంలోంచి లేచేది. మేడమీద తెల్లదుప్పట్ల మీద మసి రేకులు రేకులుగా వాలేది.

హోటలువాళ్ళు ఒక మూట దుప్పట్లు తిప్పి పంపిన రోజున బావ మెట్ల వెనక్కి వచ్చాడు.

"ఏమమ్మా పొయ్యిరాణీ, దుప్పట్లకి నల్లచుక్కల డిజైన్ నీదేనా?"

"గడ్డి తెచ్చింది నువ్వు, డిజైన్ నాదా బావా?"

"నవ్వులాటకి కాదు. ఇంకొక్కసారి వెనక్కొస్తే గ్యాసు పెట్టించేస్తా. నువ్వు మడతల గదికెళ్ళి హాయిగా కునుకు తీసుకోవచ్చు."

ఆమెకి నవ్వు రాలేదు. ఆ సాయంత్రం ఒక చిట్టెం ముక్కను దీపానికి అడ్డం పెట్టి అటూ ఇటూ తిప్పింది. లోపల లేతాకుపచ్చ రంగు, చిన్న చిన్న బుడగలు. కట్టెలో లేనిది గడ్డిలో ఏముంది? ఆ ఆలోచనలో పడి పెరట్లో గడ్డి మీది పరదాకి తాడు కట్టడం మరిచిపోయింది. రాత్రి గాలివాన వచ్చి పరదా గోడవతల పడింది. మోపులన్నీ ముద్దయ్యాయి.

"ఎక్కడ పెట్టుకున్నావే ఆ బుర్ర? పొయ్యిలోనా?" అని అక్క చీవాట్లు పెడుతూనే మోపులు విప్పి ఎండలో పరిచింది. నాలుగెండలు తగిలాక గడ్డి ఆరింది కానీ, బంగారు రంగు పోయి బూడిద రంగుకి తిరిగింది.

"ముందు ఈ పాడుగడ్డి కాల్చి వదిలించు," అన్నాడు బావ.

కాల్చింది. మర్నాడు బూడిద అరచేతిలోంచి పిండిలా ఎగిరిపోయింది. ఊచల మధ్య చిట్టెం లేదు. తెచ్చిన సుత్తి పక్కన పెట్టేసింది. పాడైన గడ్డి బాగా కాలడమేమిటి?

వాన తడవని మోపొకటి షెడ్డులో దొరికితే తెచ్చి, దుప్పట్లు జాడించే తొట్టిలో నానబెట్టింది. కాసేపటికి నీళ్ళు టీ డికాక్షన్‌లా అయ్యాయి. వేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఉప్పు, వెనకే చేదు. అక్క చూడనే చూసింది.

"ఛీ, అదేం రుచే! బట్టలు చాలక గడ్డి కూడా ఉతుకుతున్నావా?"

"ఉప్పుందక్కా ఇందులో. నీళ్ళలోకి దిగిపోతోంది. వాన చేసింది కూడా ఇదేనేమో."

"అయితే ఏంటి?"

"తెలీదు. కాల్చి చూస్తే తెలుస్తుంది."

ఉతికిన గడ్డి ఆరాక, బాయిలర్‌కున్న రెండు పొయ్యిల్లో ఎడమదాంట్లో అదీ, కుడిదాంట్లో ఉతకని, బంగారు రంగు కొత్తగడ్డీ వేసింది. మర్నాడు, ఎందుకైనా మంచిదని బావ పిలిపించిన గ్యాసు మనిషి కొలతలకి వచ్చేసరికి బావని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రెండు తలుపులూ తెరిచింది. కుడివైపు ఊచలు గాజుతో అతుక్కుపోయి ఉన్నాయి. ఎడమవైపు ఒట్టి బూడిద.

బావ వంగి చూశాడు. కర్రతో కెలికాడు. "ఎడమ ఊచలు కొత్తవేమో?"

"అయితే ఇవాళ చోట్లు మార్చి వేస్తా. రేపు నువ్వే తలుపులు తెరువు."

మర్నాడు బావ పళ్ళు కూడా తోముకోకుండా కిందికొచ్చాడు. ఈసారి ఎడమవైపు చిట్టెం కట్టింది. కుడివైపు మెత్తటి బూడిద. ఆమెలాగే చిటికెడు బూడిద అరచేతిలో రుద్ది ఊదాడు. తర్వాత గ్యాసు మనిషికి ఫోన్ చేసి, "ఇప్పుడే వద్దులెండి, మా మరదలు గడ్డి ఉతుకుతోంది," అన్నాడు. అవతలి మనిషి ఏమన్నాడో గానీ బావ గట్టిగా నవ్వాడు.

ఆ వారం దుప్పట్లు ఒక్కటీ తిరిగి రాలేదు.

గడ్డి నీళ్ళు పారే కాలవ పక్కన మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. దానికీ ఆ ఉప్పుకీ సంబంధం ఉందా అన్నది ఇంకా తేల్చుకోలేదు. కాలవకి రెండోవైపు మామూలు నీళ్ళు పోసి చూస్తోంది.

కొత్తగడ్డి ఇప్పుడు వానలోనో తొట్టిలోనో తడిసి, ఎండలో ఆరాకే షెడ్డులోకి వెళుతుంది. బాయిలర్ ఇంకా పొయ్యిరాణే వెలిగిస్తోంది. గడ్డి మీద ఇక అక్కర్లేని ఆ పరదాని అక్క ఇస్త్రీ గది కిటికీకి ఎండ పడకుండా కట్టుకుంది.