మా మేనత్త చూసిన జపాన్ బొమ్మల కథ

మా మేనత్త ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. కొత్తపట్నం దగ్గర ఒక పల్లెలో సువార్త కూడికలో ప్రసంగం ముగించి మైకు కింద పెడుతుంటే బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందిరా" అన్నాడు, అంతే. మైకు ముందు నిలబడితే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదని నన్నెరిగినవాళ్ళకి తెలుసు. ఆ సాయంత్రం నాకు ప్రార్థనకి కూడా మాట రాలేదు. సత్తెనపల్లి బస్సులో కూర్చున్నాక ఒక చిన్న సంగతి మాత్రం మనసులో మెదిలింది. ఇంకా ఒక్క భాగం చూడటం మిగిలిపోయింది కదా అని.

ఆ భాగం ఏమిటో చెప్పాలి.

మా చిన్న గుడిలో పాట ఎత్తుకునేది మా మేనత్తే. వారమంతా కల్లాల్లో మిరపకాయలు ఏరి, ఆదివారం కంజీర పట్టుకుని ముందు వరసలో కూర్చునేది. పోయినేడు జారిపడి తుంటి విరిగాక మంచమే ఆమె లోకమైంది. డిగ్రీ చదివే మనవరాలు ఫోన్‌లో జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి పెట్టి చూపించడం మొదలుపెట్టింది. యానిమే అంటారట. తెలుగు మాటలతోనే వస్తుంది. దీపాలన్నీ ఆరిపోయిన రాజ్యానికి ఒక పిల్ల నిప్పు మోసుకుని నడిచే కథ. దారిలో రెక్కల పాములు, మాట్లాడే బావులు, మంత్రగాళ్ళు.

ఆ మనవరాలే మా సండే స్కూల్ టీచరు. ఒక ఆదివారం పిల్లలు అడిగారని రెక్కల పామును బోర్డు మీద గీసింది. సంఘ పెద్ద చూశాడు. "దయ్యాల బొమ్మలు నేర్పిస్తోంది, క్లాసు మాన్పించండి" అని పట్టుబట్టాడు. క్లాసు ఆగింది. పిల్లలకి పాఠం చెప్పడమంటే ప్రాణం పెట్టే పిల్ల, అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. వచ్చే ఆదివారం ఆ సీరియల్ మీద వాక్యం చెప్పి తేల్చమని పెద్దలు నాకు అప్పగించారు. నేను నడుం బిగించాను.

ముందు రోజు పలకరించడానికి వెళ్తే మేనత్త మంచం మీంచే అందుకుంది.

"ఏరా అల్లుడూ, రేపు నా మనవరాలి మీద పిడుగులు కురిపిస్తావంటగా?"

"మంత్రాలూ తంత్రాలూ అత్తా. వాక్యం ఒప్పుకోదు."

"చూశావా?"

"చూడక్కర్లేదు."

"టిక్కీలో పైకాయ చూసి ధర కట్టేవాణ్ణి మన కల్లంలో ఏమంటారు?"

నేను బైబిల్ సంచి సర్దుకోబోయాను.

"చెప్పరా!"

"ఎర్రిమొహం అంటారు."

"ఆ. కూర్చో, ఎర్రిమొహమా."

మిరప కల్లాలు ఎరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. టిక్కీ అంటే మిరప బస్తా. దాని అడుగు దాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయ తీస్తారు. రంగు చూస్తారు. చెవి దగ్గర ఆడిస్తారు, బాగా ఎండిన కాయ గలగలమంటుంది. ఆ తరవాత కొరికి కారం చూస్తారు. మా మేనత్త ఆ సీరియల్‌కి కట్టిన లెక్కా అదే. బొమ్మలో రంగు, పాటలో గలగల, కథలో కారం.

మొత్తం చూసి చెబుతానని పెద్దల దగ్గర గడువు తీసుకున్నాను. ఇక మధ్యాహ్నాలు, చెంబుకి ఆనించిన ఫోన్ ముందు ముగ్గురం.

వాన వచ్చినచోట మేనత్త ఆపించి మళ్ళీ చూసింది. "ఇది గీసినవాడు వానలో తడిసినోడేరా. చూడు, తొలి చినుక్కి దుమ్ము లేచింది. నేల తరవాత తడిసింది." యుద్ధం దగ్గరికొచ్చేసరికి మూతి విరిచింది. "సైన్యమంతటికీ ఒకటే మొహం. ఇక్కడ తాలు కలిపారు." తాలంటే రంగు వెలిసిన కాయ.

పిల్ల నడిచేటప్పుడు ఒట్టి డప్పు మీద సాగే పాట ఆమెకి నచ్చింది. మంచం పట్టె మీద వేళ్ళతో దరువేసేది. వయొలిన్ల దగ్గర మాత్రం విసుక్కుంది. "ముసలి రాజు ఇంకా పోలేదు, అప్పుడే ఏడుపు మొదలెట్టారు. నన్నేడవమని ముందే పురమాయిస్తే నాకు ఏడుపెట్లా వస్తుంది? నీ ప్రసంగమూ అంతే. జనం కంటే ముందు నువ్వే ఏడుస్తావు."

మనవరాలు మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

అసలు తగువు కథ దగ్గర వచ్చింది. అందులో చచ్చినవాళ్ళు మంత్రంతో లేచొస్తుంటారు. నేను గ్రంథం తీశాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆగరా. వీళ్ళిట్లా మాటిమాటికీ లేచొస్తుంటే ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు దండగ కాదూ? ఇక్కడ కారం చచ్చింది."

"ప్రభువు చనిపోయిన తన స్నేహితుణ్ణి లేపబోతున్నానని తెలిసీ సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టాడు కదత్తా" అన్నాను.

మంచం పట్టె మీద చేత్తో చరిచింది. "అదీ. ఆ ఏడుపు వీళ్ళకి రాయడం రాలేదు. సంఘంలో అది చెప్పు. దయ్యాలూ అని అరవడం కాదు."

భాగం అయిపోయాక పేర్లు పడతాయి, జపాన్ అక్షరాల్లో. మాకు ఒక్కటీ తెలియదు. ఫోన్ తియ్యబోతే ఒప్పుకునేది కాదు. "ఇంటికొచ్చిన చుట్టాన్ని వీధి మలుపు దాకా సాగనంపమూ? ఎంతమంది వేళ్ళు నొప్పిపుట్టాయో. ఉండనీ." చివరి పేరు పైకి వెళ్ళిపోయేదాకా దణ్ణం పెడుతున్నట్టు చేతులు కలుపుకుని చూసేది.

ఆఖరి భాగానికి ఆమె లేదు.

మేనత్త ఇంట్లో, అయినవాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక అయ్యాక సంఘ పెద్ద నా పక్కకి వచ్చాడు. "ఏం తేల్చారు, బ్రదర్ గారూ?"

"రంగు మేలైనదే, నడుమ కొంచెం తాలుంది. పాట సగం బాగుంది. కథ సంగతి ఇంకా తేలలేదు. మీరూ కూర్చోండి."

ఆయన మొహమాటంగా ఆ మంచం కోడు పక్కనే కూర్చున్నాడు. మనవరాలు ఫోన్‌ని చెంబుకి ఆనించింది. నిప్పు మోసిన పిల్ల రాజ్యానికి చేరింది. చిన్నప్పుడు తనని ఎత్తుకు తిరిగిన ముసలమ్మ అప్పటికే కన్నుమూసింది. ఆమెని లేపుతానని మంత్రగాడు ముందుకొచ్చాడు. పిల్ల వద్దని తల ఊపింది. ముసలమ్మ తల దగ్గర దీపం వెలిగించి, అప్పుడు ఏడ్చింది.

"వాయిద్యం ఆగిపోయిందేమ్మా?" అన్నాడు పెద్ద.

"ఆపేశారు, తాతగారూ" అంది మనవరాలు.   మా మేనత్త చూడవలసింది ఇదే.

పెద్ద మనవరాలి వైపు తిరిగాడు. "ఆదివారానికి సుద్దముక్కలు పంపిస్తాలే. పిల్లల్ని పిలువు" అంటూ కండువా దులుపుకుని లేచాడు.

"కూర్చోండి తాతగారూ. పేర్లు అయిపోయేదాకా నానమ్మ ఎవర్నీ లేవనిచ్చేది కాదు."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. బయట కల్లం మీంచి గాలి ఘాటుగా వస్తోంది. ఖాళీ మంచం పక్కన ముగ్గురం, మాలో ఒక్కరికీ చదవడం రాని ఆ పేర్లు ఒక్కొక్కటీ పైకి వెళ్ళిపోతుంటే, చేతులు కలుపుకుని చూస్తూ ఉండిపోయాం.