ధర్మవరం లావణ్యకు నేను ఫోటోలు నేర్పిన వైనం

2022 వేసవిలో, హిందూపురం రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న నా స్టూడియోలో కూర్చొని, ఒక నేతగాని కూతుర్ని పదంటే పది రోజుల్లో ఫోటోగ్రాఫర్‌ని చేసి బెంగళూరు పంపించాను. నలభై ఏళ్లలో ఒక్క ఫ్రేమ్ కూడా వృథా చేయని చెయ్యి నాది. ఆ చెయ్యి దగ్గర నేర్చుకున్న పిల్లకు సీటు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? ఈ మాట టీ అంగడిలో చెప్పాను, మసీదు బయట చెప్పాను, మా వియ్యంకుల ఇంట్లో ఎవరూ అడగకుండానే చెప్పాను. మీరు మాత్రం కొంత తగ్గించుకుని చదవండి. ఎంత తగ్గించాలో నేనే చెబుతాను.

నా పేరు బాషా. పెళ్లిళ్ల ఫోటోలు నా వృత్తి. ఇప్పుడు పెళ్లిళ్లకు డ్రోన్లతో కుర్రవాళ్లు వస్తున్నారు కాబట్టి నాకు మిగిలింది పాస్‌పోర్ట్ సైజు ఫోటోలే. ఒకప్పుడు స్టూడియో గోడల నిండా పెళ్లికూతుళ్ల పెద్ద ఫోటోలు ఉండేవి. వాళ్లకు మనవళ్లు పుట్టాక కూడా గోడ మీద ఉంచితే బాగుండదని దించేశాను. గోడ బోసిపోయింది, చెమ్మ మరకలు బయటపడ్డాయి. వాటిని కప్పడానికి పాత నెగిటివ్‌లు వెతికి పద్నాలుగు ప్రింట్లు వేయించి తగిలించాను. అన్నీ క్యాండిడ్ ఫోటోలే, అంటే మనుషులు వాళ్ల పనిలో వాళ్లుండగా, కెమెరా వైపు చూడకుండా పడినవి. మా ఊరి పట్టుగూళ్ల మార్కెట్లో ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటుంది, ఆమె జడలో ఒక పట్టుగూడు చిక్కుకుని ఉంటుంది. ధర్మవరం ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ఆడవాళ్లు పట్టుచీర మడత పెడుతుంటే ఒక పిల్ల దాని కింద నుంచి దూరి పోతుంటుంది. పెనుకొండ బస్టాండులో ఒకాయన వానలో తాను తడుస్తూ మేకకు గొడుగు పట్టి ఉంటాడు.

లావణ్య పరీక్ష ఫారం కోసం ఫోటో దిగడానికి వచ్చింది. వాళ్లది ధర్మవరం, అమ్మానాన్నలిద్దరూ మగ్గం నేస్తారు. ఈ పిల్ల ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. స్టూలు మీద కూర్చోమంటే కూర్చోకుండా గోడ దగ్గర నిలబడిపోయింది.

"తాతా, ఈ గొడుగు పట్టుకున్న ఆయప్ప ఎవరు?"

"ఎవరో పాపా. పెనుకొండలో."

"ఆయప్ప నిలువునా తడిసిపోతాండాడు. మేక మాత్రం తడవల్యా. దీన్ని నువ్వు ఎట్ల కనిపెట్టినావు?"

ఆ ప్రింట్లు తగిలించిన మూడేళ్లలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగినవాళ్లంతా చెమ్మ సంగతే అడిగారు. అందుకే నా నోరు నా మాట వినలేదు.

"చూపు ఉండల్ల పాపా. ఆ ఒక్క ఫోటో కోసం రెండు గంటలు వానలో నిలబడినా. ఒకే ఒక్క ఫ్రేమ్ తీసినా. రెండోది తీసే అలవాటు నాకు లేదు."

మరునాడు మళ్లీ వచ్చింది, ఆ మరునాడూ వచ్చింది. "మా ఇంట్లో ఇట్లాంటివి దినామూ జరుగుతాయి తాతా. నేనే ఇన్నాళ్లూ చూడల్యా" అంది. నాలుగో రోజు ఫోన్లో ఒక ఫారం చూపించింది. బెంగళూరులో ఫోటోగ్రఫీ కోర్సు. దరఖాస్తుతో పాటు రోజువారీ బతుకు మీద పన్నెండు ఫోటోలు పంపాలి. గడువు పది రోజులు.

"మా నాయన ఒక్క తూరికి ఒప్పుకున్నాడు. ఈ తూరి రాకపోతే బీఈడీ. మళ్లా దీని మాట ఎత్తకూడదన్నాడు. నేను సరే అన్నా."

నా పాత డిజిటల్ కెమెరా ఆమె చేతిలో పెట్టాను. ఆదివారం ఇద్దరం ప్యాసింజర్ ఎక్కి పెనుకొండ పోయాం. అక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. స్టూడియో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. కెమెరా ఎవరి చేతిలో ఉన్నా, ఎదుట మనిషి కనపడగానే నోరు దానంతటదే కదులుతుంది. బస్టాండు బయట ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మే ఆమె ఏదో పరధ్యానంలో ఒక్కొక్కటే ఒలిచి తానే తింటోంది. లావణ్య మెల్లగా కెమెరా ఎత్తింది. నేను వెనక నుంచి, "అమ్మా, గడ్డం కొంచెం ఎత్తు, భుజం దించు, ఇటు చూడు" అన్నాను. ఆమె చెనక్కాయ మింగేసి, కొంగు సర్దుకుని, ఆధార్ కార్డు కోసం కూర్చున్నట్టు బిగుసుకుంది.

"ఏమప్పా, పేపర్లో వేస్తారా?" అని అడిగింది.

పొద్దంతా ఇదే వరుస. మంగలి అంగడిలో సగం గడ్డం గీసుకున్న మనిషిని కూడా నవ్వమన్నాను. సోమందేపల్లి బస్సు కండక్టరు టికెట్లు ఆపి చొక్కా గుండీ పెట్టుకున్నాడు. లావణ్య పెద్దవాళ్లను గౌరవించే పిల్ల కాబట్టి నన్ను ఏమీ అనలేదు. అంతా తన లోపమే అనుకుంది.

ఆ తర్వాత మూడు రోజులు ఒక్కతే తిరిగింది. నేను పక్కన లేకపోయినా ఫలితం మారలేదు. అప్పటికే ఆమె చేతులు భయపడ్డాయి. ఒక మనిషి ముందు నిలబడి, ఒకే దెబ్బకు తీయాలని చాలాసేపు గురిపెట్టేది. అంతసేపు గురిపెడితే ఎవరైనా తల తిప్పి చూస్తారు కదా. ఫోటోలన్నీ నా కంప్యూటర్లో వేసి చూశాం. మూడు వందల పైచిలుకు మొహాలు, అన్నీ మా వైపే చూస్తున్నాయి.

ఆమె కెమెరా కౌంటరు మీద పెట్టింది.

"నాకు చూపు లేదు తాతా. నువ్వు ఒక్కటి తీస్తే ఒక్కటి పడింది. నేను మున్నూరు తీస్తే ఒక్కటీ రాల్యా. ఫారం పంపను. మా నాయనకు బీఈడీ అని చెప్పేస్తా."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను తప్పించుకుని ఉండేవాణ్ణి, ఏదో ఒక కొత్త గొప్ప చెప్పి ఊరడించేవాణ్ణి. ఆమె లెక్క తేలినట్టు నిమ్మళంగా చెప్పింది. నేను సరదాగా అన్న ఒక మాటను కొలబద్ద చేసుకుని, ఈ పిల్ల తనను తాను కొలుచుకుందని నాకప్పుడు అర్థమైంది. ఇంకా ఐదు రోజులు మిగిలి ఉన్నాయి.

లోపలికి పోయి ట్రంకు పెట్టె ఈడ్చుకొచ్చాను. మూత తీసి, నెగిటివ్ కవర్లు ఆమె ముందు కుమ్మరించాను.

అసలు సంగతి ఇది. రీలు కెమెరాల కాలంలో ఒక్కో రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. కలర్ ఫోటోలు కడిగే ల్యాబ్ బెంగళూరులో ఉండేది. పెళ్లి అయిపోయాక ఆఖరి రీలులో మూడో నాలుగో మిగిలిపోయేవి. రీలు పూర్తి కాకుండా పంపడం నా మనసుకు ఒప్పేది కాదు, మరో పెళ్లి వరకు ఆపితే పెళ్లివాళ్లు ఊరుకోరు. అందుకని పెనుకొండలో పెళ్లయితే పెనుకొండ బస్టాండులో, ధర్మవరంలో పెళ్లయితే ప్లాట్‌ఫారం మీద, బండి కోసం కాచుకుంటూ ఎదురుగా ఏముంటే దాని మీద టపటపా నొక్కి రీలు ముగించేవాణ్ణి. కొన్నిసార్లు కెమెరాను కంటికి కూడా ఎత్తేవాణ్ణి కాదు. గోడ మీది పద్నాలుగు ఫోటోలు ఆ రీళ్ల తోకలే.

లావణ్య ఒక నెగిటివ్ ముక్కను ట్యూబ్‌లైటుకు పట్టి చూసింది. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, ఆ తర్వాత బస్సు టైరు, నా బొటనవేలు, ఎవరిదో సగం వీపు.

"రెండు గంటలు వానలో నిలబడినా అంటివే?"

"బస్టాండు లోపల నిలబడినా. హిందూపురం బస్సు రాల్యా."

"మేక?"

"మేకను ప్రింటులోనే చూసినా పాపా. తీసేటప్పుడు మేక ఆడ ఉండాదని నాకు తెలీదు."

"నాలుగు దినాలు నన్ను దొంగను చూసినట్ల నన్ను నేను చూసుకున్నా తాతా. ముందే చెప్పింటే ఏం పోతాండె?" అంది. వెళ్లిపోతుందనుకున్నాను. పోలేదు. కింద బాసింపట్టు వేసుకుని, పొద్దు వాలేవరకు ఒక్కో రీలు తోక చూస్తూ కూర్చుంది. చివరికి ఒక మాట అంది. "ఫోటో బాగా రావల్ల అనుకోనప్పుడే నీకు బాగా వచ్చినాయి."

రెండు రోజులకు ధర్మవరంలో వాళ్ల ఇంటికి పోయాం. ముందురోజే ఫోన్ చేసి చెప్పడం ఆమె పొరపాటు. మేం పోయేసరికి వీధంతా మగ్గాల చప్పుడు, వాళ్ల ఇంట్లో మాత్రం నిశ్శబ్దం. మగ్గం తుడిచి పెట్టారు. వాళ్ల నాయన తలకు నూనె పెట్టి దువ్వుకున్నాడు. పొద్దస్తమానం పట్టు నేసే వాళ్ల అమ్మ, పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని మగ్గం పక్కన నిలబడింది. అది కట్టుకుని మగ్గం గుంటలోకి దిగడం ఎట్లాగో ఆమెకే తెలియలేదు.

"పాతచీరతో ఫోటో దిగితే నలుగురూ ఏమంటారన్నా?" అంది నాతో.

ఇక్కడ నా అనుభవం అక్కరకు వచ్చింది. లావణ్య వాళ్ల అవ్వ సంగటి, ఊరుబిండి పచ్చడితో భోజనం పెట్టింది. తిన్నాక గోడకు ఆనుకుని, లావణ్యకు కంటితో సైగ చేసి, పథకం ప్రకారం కళ్లు మూసుకున్నాను. ఇంటికి వచ్చిన పెద్దమనిషి కళ్లు మూసుకుంటే ఇల్లు మళ్లీ ఇంటివాళ్లదవుతుంది. గంటన్నర తర్వాత కళ్లు తెరిచేసరికి మగ్గం ఆడుతోంది, అమ్మ పాతచీరలో గుంటలో కూర్చుని తెగిన పోగును పళ్ల మధ్య పట్టుకుని ముడి వేస్తోంది, లావణ్య ఏమీ పట్టనట్టు నొక్కుకుంటూ పోతోంది. ఆ రోజు ఆమె తీసినవి ఐదు వందలు. పంపినవి పన్నెండు. ఇంటర్వ్యూకి పిలిచారు, సీటు వచ్చింది. అమ్మ పోగు ముడివేసే ఆ ఒక్క ఫోటో చాలు సీటు ఇవ్వడానికి.

ఈ వ్యవహారం నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. నేర్చుకునేవాళ్లకు మన గోడ మీది పద్నాలుగు మాత్రమే చూపించకూడదు, ట్రంకు పెట్టె కూడా తెరిచి చూపించాలి. ఇప్పుడు ఎవరు వచ్చి గోడ వైపు చూసినా ముందు పెట్టె చూపిస్తున్నాను. గొప్పలు మానుకున్నానని మాత్రం చెప్పను.

మొన్న సెలవులకు వచ్చిన లావణ్యకు ఇదంతా చదివి వినిపించాను. కోర్సు చివరికి వచ్చింది, మాటలో జంకు లేదు. చివరిదాకా విని కాగితాలు పక్కన పెట్టింది.

"పెట్టె సంగతి సరిగ్గానే రాసినావు తాతా. మా ఇంటి సంగతే మార్చినావు. నువ్వు సైగ చేయల్యా. సంగటి తిని, కూర్చున్నోడివి కూర్చున్నట్లే గురక పెట్టినావు. అది విని మా అమ్మకు నవ్వు ఆగల్యా. 'ఈయప్ప లేసేలోగా రెండు మూరలన్నా నేస్తాం పా' అని పోయి చీర మార్చుకునింది."

"సరేలే. అమ్మ ఫోటోతోనే కదా సీటు వచ్చింది?"

"ఇంటర్వ్యూలో అది చూసి బాగుందని పక్కన పెట్టినారు. నన్ను అడిగింది నీ ఫోటో గురించి. నువ్వు నోరు తెరుచుకుని నిద్రపోతాండావు, మా అవ్వ నీ కండ్లద్దాలు మెల్లగా తీస్తాండాది. ఎవరీయన అన్నారు. నాకు ఫోటోలు నేర్పేకి వచ్చినాయన అని చెప్పినా."