ఆవులప్ప ఐదో కుర్చీ

ఆవులప్పను మీరు ఏ ప్రశ్న అడిగినా ఆయన తిరిగి ఒకే ప్రశ్న వేస్తాడు: "ఇంగొగరొస్తే?"

నలుగురికి భోజనం చెప్పమంటే అదే అంటాడు. ఆటో ఎక్కబోతూ అంటాడు. గొడుగు కొనేటప్పుడు విప్పి చూసి, "ఇంగొగరొస్తే?" అని కొట్టువాణ్ణి నిలదీస్తాడు. ఆ ఇంకొకరు ఎవరో, ఏ ఊళ్ళో ఉంటారో, అసలు బయల్దేరారో లేదో ఆయనకీ తెలియదు. కానీ ఆ మనిషి వచ్చి, చోటు లేక, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడేమోనన్న దిగులు ఆవులప్పను యాభై నాలుగేళ్ళుగా కూర్చోనివ్వలేదు. మాట వరసకి అనడం లేదు. కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఆయన దాని పక్కన నిలబడతాడు. బస్సులో మరీ తప్పనిసరైతే సగం సీటు మీద ఆని, మిగతా సగానికి కాపలా కాస్తాడు.

బెంగళూరు పీణ్యలో పంపుల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు, ఫోన్లు, వాటి మధ్య పాకే వైర్లు ఆయన చేతికింద ఉండేవి. అదే కంపెనీలో హేమలత ఫోను బోర్డు దగ్గర కూర్చునేది. వచ్చిన కాల్ ఎవరిదో కనుక్కుని లోపల ఎవరికి కావాలో వాళ్ళకి కలపడం, మధ్యలో తీరిక దొరికితే కొనుగోలు కాగితాలు టైపు చెయ్యడం ఆమె పని. కాబట్టి ఆవులప్ప గారి 'ఇంకొకరి'తో అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది ఆమే.

బెంగళూరులో ఇద్దరు కలిసి కాఫీకి వెళ్తే వన్ బై టూ చెప్పుకుంటారు. ఒక కాఫీ, రెండు గ్లాసులు. ఆవులప్ప మాత్రం ఇద్దరే వెళ్ళినా వన్ బై త్రీ చెప్తాడు. హోటలతను మొదట్లో పోట్లాడాడు, తర్వాత జాలిపడ్డాడు, ఆ తర్వాత ఈయన గుమ్మంలో కనబడగానే మూడు గ్లాసులు తీసి పెట్టేవాడు. మూడో గ్లాసులో మీగడ కట్టేదాకా వీధి వైపు చూసి, ఎవరూ రాకపోతే, ఆ రాని మనిషి తరఫున ఆవులప్పే తాగేసేవాడు.

ఆయన ఇల్లు కూడా అంతే. ఒక్క అంతస్తే కట్టాడు. కానీ రెండో అంతస్తుకి మెట్లున్నాయి, మెట్ల చివర తలుపుంది, తలుపు పక్కన కాలింగ్ బెల్లుంది. తలుపు తీస్తే ఆకాశం.

"ఆ బెల్లు ఎప్పుడన్నా మోగిందా అక్కా?" అని ఒకసారి హేమలత ఆయన భార్య మునిలక్ష్మిని అడిగింది.

"మోగుతాది. కాకి ముక్కుతో పొడిస్తే మోగుతాది," అంది మునిలక్ష్మి. "ఈయన పొయ్యి తలుపు గూడా తీస్తాడు."

రెండువేల నాలుగు జూన్‌లో కంపెనీ నగరానికి అవతలి కొసన ఉన్న చందాపురలో నలుగురితో ఒక బ్రాంచి తెరవాలనుకుంది. యజమానికి ఆ ఆలోచన మీద సగం మనసే. జూలై ఒకటికి తెరిస్తే తెరిచినట్టు, లేకపోతే అద్దెకు తీసుకున్న గదులు వదిలేస్తానని చెప్పేశాడు. ఫోను శాఖవాళ్ళు పీణ్యకీ చందాపురకీ మధ్య, ఈ రెండు ఆఫీసులకే సొంతంగా ఉండే లీజ్డ్ లైను వేశారు. ఇక కావాల్సింది, పీణ్యలో ముందే ఉన్నట్టు, చందాపుర చివర కూడా పెట్టడానికి ఒక రౌటర్, అంటే రెండు ఊళ్ళ కంప్యూటర్లనూ మాట్లాడించే పెట్టె. ఆర్డరిస్తే రావడానికి పది రోజులు పడుతుంది. ఆ లెక్కన పదిహేడో తేదీ గురువారం సాయంత్రానికి ఆర్డరు వెళ్ళిపోవాలి.

ఆ తేదీ మీద హేమలత ప్రాణాలన్నీ పెట్టుకుని ఉంది. ఆమె ఇల్లు చందాపుర. ఉదయం ఆరింటికి బయల్దేరి, మూడు బస్సులు మారి పీణ్య చేరేది. తిరిగి మూడు బస్సులు మారి ఇల్లు చేరేసరికి నాలుగేళ్ళ కూతురు శైలజ నిద్రపోయి ఉండేది. వెళ్ళేటప్పుడూ నిద్రే, వచ్చేటప్పుడూ నిద్రే. ఆ పిల్ల తల్లికి ఆదివారం అమ్మ అని పేరు పెట్టింది. ఆ పేరు విన్న రోజే హేమలత రాజీనామా ఉత్తరం టైపు చేసి సొరుగులో పెట్టుకుంది.

దాన్ని ఇవ్వబోయే ముందు మేనేజరు చన్నబసప్పను ఒక మాట అడిగి చూసింది. "సార్, నన్ను చందాపుర బ్రాంచికి వెయ్యండి."

"ఫోను బోర్డు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడాయన. తర్వాత కన్నడంలో తేల్చేశాడు. "బ్రాంచిగె నాల్కు జన సాకు. ముందు ముందు ఐదో మనిషి కావాల్సొస్తే అప్పుడు చూద్దాం."

ఆ 'చూద్దాం' పట్టుకుని వేలాడుతోంది హేమలత. బ్రాంచి తెరిస్తేనే ఐదో మనిషి మాట వస్తుంది. తెరవకపోతే ఉత్తరం ఇచ్చెయ్యడమే. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ రోజు గదిలో ఆమె, మేనేజరు తప్ప మూడో మనిషి లేరు, టేబుల్ కింద ప్రింటర్ వైరు సర్దుతూ బయటికి కనిపిస్తున్న ఆవులప్ప కాళ్ళు తప్ప.

ఇక్కడ ఆ 'సాకు' గురించి ఒక మాట చెప్పాలి. కన్నడంలో సాకు అంటే చాలు. తెలుగులో సాకు అంటే తప్పించుకోవడానికి చెప్పే మాట. ఆవులప్పకు తెలుగెంత వచ్చో కన్నడమూ అంతే వచ్చు. అయినా చన్నబసప్ప నోటినుంచి రాలిన ఈ ఒక్క మాట ఆయన చెవిలో ఎప్పుడూ తెలుగులోనే పడేది.

"చిన్న రౌటర్ సాకు, ఆవులప్పా."

"సాకులు చెప్పొద్దు సార్. ఇంగొగరొస్తే?"

రౌటర్లు అమ్మే వంశీ సోమవారం టై బిగించుకుని వచ్చాడు. రెండు రకాలు చూపించాడు. ఒకటి ఫిక్స్‌డ్. దాంట్లో ఏముంటే అదే, కొత్తగా ఏదీ చేర్చడానికి లేదు. రెండోది మాడ్యులర్. దాని వెనక అరలుంటాయి, వాటిని రేకు బిళ్ళలతో మూసి ఉంచుతారు. ఎప్పుడు ఏ అవసరం పడితే అప్పుడు రేకు విప్పి దానికి తగ్గ కార్డు దూర్చుకోవచ్చు. ఆవులప్ప ఆ బొమ్మ చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నలుగురే కదా సార్, ఫిక్స్‌డ్ మోడల్ చాలు," అన్నాడు వంశీ. "ప్లగ్ పెడితే అయిపోయింది."

"ఇంగొగరొస్తే?"

"పదిమంది వచ్చినా పని చేస్తుంది సార్."

"వచ్చేటోళ్ళు ఇంగో రకం పని తెస్తే?"

"ఏ రకం సార్?"

"వచ్చినాక కదప్పా తెలిసేది."

వంశీ హేమలత వైపు చూశాడు. హేమలత కేలండర్ వైపు చూసింది.

"ఆ రెండోదాంట్లో అరలెన్ని?" అన్నాడు ఆవులప్ప.

"మూడు సార్. ఒకటి లైన్‌కి పోతుంది. రెండు ఖాళీ."

"రెండూ నిండినాక ఇంగొగరొస్తే?"

వంశీ టై వదులు చేసుకుని మంచినీళ్ళడిగాడు.

మంగళవారం గడిచింది. బుధవారం గడిచింది. ఆవులప్ప వంశీకి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. కలిపింది హేమలతే కాబట్టి లెక్క ఆమెకు తెలుసు. మధ్యలో వచ్చి ఆమె టేబుల్ చుట్టూ తిరిగేవాడు.

"హేమా, దినానికి బోర్డుకి కాల్స్ ఎన్నొస్తాయి?"

"నూటిరవై దాకా వస్తాయి సార్. రౌటర్ సంగతి తేల్చండి."

"ఒకే తూరి ఎన్ని మోగుతాయి?"

"రెండు. సార్, రేపే ఆఖరు."

"రెండేనా," అనుకుంటూ అరచేతిలో పెన్నుతో రాసుకుని వెళ్ళిపోయేవాడు. ఒక్క కాగితం సంతకం పెట్టడానికి ఇంత తిరుగుడేమిటో ఆమెకు అంతుబట్టలేదు.

గురువారం మధ్యాహ్నం చన్నబసప్ప ఫిక్స్‌డ్ రౌటరే కొనమని చెప్పేశాడు. హేమలత ఆర్డరు టైపు చేసి ఆవులప్ప ముందు పెట్టింది. సాంకేతికంగా సరిపోతుందని ఆయన సంతకం పెడితేనే అది బయటికి వెళ్తుంది.

"పెట్టను," అన్నాడాయన.

"ఎందుకు సార్?"

"అర లేదు కదమ్మా దీంట్లో. ఇంగొగరొస్తే..."

"రారు సార్." హేమలత లేచి నిలబడింది. మూడు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మీ ఇంకొకరు రారు. కాఫీకి రాలేదు, మీ మెట్లెక్కి రాలేదు, ఇక్కడికీ రారు. ఎప్పుడూ రాని మనిషి కోసం ఉన్న నలుగురినీ పోగొడుతున్నారు. ఈ రోజు దాటితే బ్రాంచి లేదు. బ్రాంచి లేకపోతే నేనూ లేను."

సొరుగు లాగి ఆ ఉత్తరం ఆయన చేతిలో పెట్టింది. ఆవులప్ప నిదానంగా చదివాడు.

"దీనికి కాపీ తీసినావా?"

"కాపీ ఎందుకు?"

"ఇంగొగరడిగితే?"

హేమలతకు కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బోర్డు మోగుతున్నా ఎత్తలేదు. ఆవులప్ప ఆమె మొహం చూశాడు. ఉత్తరం వెనకవైపు తిప్పి, దాని మీద ఏవో గీతలు గబగబా గీసి, జేబులో పెట్టుకుని, ఆర్డరు కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

అద్దంలోంచి అంతా కనబడుతోంది, ఒక్క మాటా వినబడటం లేదు. చన్నబసప్ప కూర్చుని ఉన్నాడు, ఆవులప్ప ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. మేనేజరు పెదాలు 'సాకు' అనడం హేమలత నాలుగుసార్లు పోల్చుకుంది. గడియారం నాలుగున్నర దాటింది. అయిదైంది. వంశీ ఆఫీసు అయిదున్నరకు మూసేస్తారు. చివరికి ఆవులప్ప జేబులోంచి ఆ కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. చన్నబసప్ప గీతలు చూశాడు, కాగితం తిప్పి చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను కోసం తడుముకున్నాడు.

ఆవులప్ప బయటికొచ్చాడు. ఆర్డరులో ఫిక్స్‌డ్ కొట్టేసి మాడ్యులర్ అని, దాని కింద హేమలతకు అర్థం కాని ఏవో రెండు కార్డుల పేర్లు ఉన్నాయి, పక్కన మేనేజరు సంతకం.

"బిరీన టైపు చెయ్యమ్మా. ఫ్యాక్సు పోవాల."

"నా ఉత్తరం?"

"అది నాతాన ఉండనీ."

ఫ్యాక్సు అయిదూ ఇరవైకి వెళ్ళింది. పెట్టె ఇరవై ఎనిమిదిన వచ్చింది. అదే రోజు కుర్చీలు కూడా వచ్చాయి. నాలుగు రాసిచ్చిన చోట ఆవులప్ప అయిదు చేశాడు. ఇదేమీ కొత్త కాదు గనుక హేమలత పట్టించుకోలేదు.

ముప్పయ్యో తేదీ సాయంత్రం ఆయన వచ్చి, "రేపు నువ్వు పీణ్యకు రావొద్దు. బ్రాంచి కాయితాలు తీసుకోని నేరుగా చందాపుర ఆఫీసుకు వచ్చేయ్," అన్నాడు.

"బోర్డు ఎవరు చూస్తారు సార్?"

"చూసేటోళ్ళు చూస్తారులేమ్మా."

మర్నాడు శైలజ నిద్రలేచేసరికి తల్లి ఇంట్లోనే ఉంది. ఆ పిల్ల కళ్ళు నులుముకుని, "ఈ రోజు ఆదివారమా?" అంది. గురువారమని చెప్తే నమ్మలేదు.

ఆఫీసు ఇంటికి పది నిమిషాల నడక. నాలుగు టేబుళ్ళు, నలుగురు మనుషులు, కంప్యూటర్ మీద చామంతి దండ. కిటికీ పక్కన ఇంకో చిన్న టేబుల్, దానికో కుర్చీ, దాని మీదొక ఫోను. గోడకున్న బల్ల మీద రౌటర్ మిణుకుమంటోంది. ఆవులప్ప దాని పక్కన నిలబడి ఉన్నాడు.

కిటికీ పక్కన ఫోను మోగింది. నలుగురూ హేమలత వైపు చూశారే గాని ఎవరూ కదల్లేదు. మోగే ఫోను ఎత్తకుండా ఉండటం ఆమె వల్ల కాదు. వెళ్ళి ఎత్తింది.

"నమస్కార, పీణ్యా ఆఫీస్," అని అలవాటుగా అనేసి నాలిక్కరుచుకుంది.

"చన్నబసప్ప గారికి ఇవ్వమ్మా," అన్నాడు అవతలి మనిషి.

అది రోజూ ఫోన్ చేసే కస్టమర్ గొంతు. ఆమె వేళ్ళు వాటంతటవే మేనేజరు నంబరు నొక్కాయి. చన్నబసప్ప ఎత్తాడు. చందాపురలో గాలి ఎట్లా ఉందమ్మా అని కన్నడంలో అడిగి, కాల్ తీసుకున్నాడు.

హేమలత ఫోను పెట్టేసి ఆవులప్ప వైపు తిరిగింది.

"పీణ్య రౌటర్లో రెండేండ్లుగా ఒక అర ఖాళీగా పెట్టుకోని ఉండా," అన్నాడాయన. "ఆడొక వాయిస్ కార్డు, ఈడొక వాయిస్ కార్డు దూర్చినా. పీణ్యకు ఫోనొస్తే లైను మీద వచ్చి ఈడ మోగుతాది. రెండు కాల్స్ ఒకే తూరి వచ్చినా ఇబ్బంది లేదు. నువ్వెత్తి ఎవురికి గావాల్నో వాళ్ళకిస్తావు."

"నలుగురు చాలన్నారు కదా సార్? ఎట్లా ఒప్పుకున్నారు?"

"నలుగురే కదమ్మా. బ్రాంచిలో నలుగురే ఉండారు. నువ్వు పీణ్య స్టాఫు. నీ కుర్చీ ఒక్కటే చందాపురలో ఉండాది." జేబులోంచి ఆ ఉత్తరం తీసి ఇచ్చాడు. ఒకవైపు రాజీనామా, రెండోవైపు పీణ్య, చందాపుర, మధ్యలో గీత, గీత చివర ఒక కుర్చీ బొమ్మ. "రెండు పక్కలా చదివినాక పాపం ఆయనకు సాకు దొరకలా."

"ముందే చెప్పుంటే నేను అన్ని మాటలు అనేదాన్ని కాదు కదా సార్."

"కార్డు పనిచేస్తాదో లేదో తెలీకుండా నీకు ఆశ ఎట్ల పెట్టేది?" అన్నాడు. అని, మూడో అర మీదున్న రేకు బిళ్ళను చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. అదింకా ఖాళీగానే ఉంది.

హేమలతకు సంతోషమూ సిగ్గూ రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇంకొకరు రారని అరిచిన మనిషే ఆ ఇంకొకరు. ఎదురు హోటల్లోకి కేకేసి కాఫీ చెప్పింది. ఆరుగురికి ఏడు గ్లాసులు తెమ్మంది. తర్వాత తన కుర్చీ లాక్కొచ్చి ఆవులప్ప ముందు వేసింది.

"కూర్చోండి సార్."

"ఇంగొగరొ..."

"వచ్చేశారు సార్. ఇంకొకరు వచ్చేశారు. ఇప్పుడన్నా కూర్చోండి."

ఆవులప్ప కుర్చీ వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, ఆమె మొహం వైపు చూశాడు. ఇక వేరే దారి లేక కూర్చున్నాడు. సగం కుర్చీలో.